వాకిటికి వచ్చిన మందులు

2020వ సంవత్సరము మార్చి నెలాఖరున కరోనాకు వెఱచి దేశమెల్ల తలుపులు మూసికొన్న దినములను మీరెవ్వరును మఱచియుండరు. ఎల్లప్పుడు జనులతో క్రిక్కిఱిసియుండు మన అమీరుపేట కూడలి నిర్మానుష్యమయ్యెను. అచటి హాస్టళ్ల విద్యార్థులు స్వగ్రామములకు బోవ ననుమతి వేడుచు పంజాగుట్ట పోలీసు ఠాణా ముంగిట బారులు తీరిరి. మందుల దుకాణములు తెఱచియే యుండెను గాని, మధుమేహముతో బాధపడు అత్తగారిని అంగడికి బంపుటకు ఏ యిల్లాలికి ధైర్యము చాలును?

అప్పుడు కేంద్ర ప్రభుత్వమువారు మార్చి 26వ తేదీన నొక ఉత్తరువు వెలువరించిరి. లైసెన్సు గల దుకాణదారుడు వైద్యుని చీటీని ఈ-మెయిలులో నైనను స్వీకరించి, మందులను రోగి వాకిటికే చేర్పవచ్చును. దీర్ఘవ్యాధులకు చీటీ వ్రాసిన 30 దినములలో, తాత్కాలిక వ్యాధులకు 7 దినములలో పంపవలెను. మత్తుమందుల వంటివానికి ఈ సదుపాయము లేదు.

మంచి యుత్తరువే. కాని ఈ-మెయిలు మాట వినగానే నాకు నవ్వు వచ్చినది. మన పెద్దలలో నెందఱికది తెలియును? వారి చీటీ నాలుగు మడతలు పడి పంచాంగములో నుండును. తేదీ చూతుమా, ఆఱు నెలల నాటిది! అంతకు ముందునాడే వెలువడిన దూరవైద్య నిబంధనలు ఈ చిక్కునకు దారి చూపినవి. ఎఱిగిన వైద్యునితో టెలిఫోనులో మాటలాడి, వాడుక మందులకు క్రొత్త చీటీ ఛాయాచిత్రమును పొందు వీలు కలిగెను.

దుకాణమును, రోగి యిల్లును ఒకే రెవిన్యూ జిల్లాలో నుండవలెనని మఱియొక నియమము. అమీరుపేట, పంజాగుట్టలు హైదరాబాదు జిల్లాలోనివే గాన వానికి చిక్కు లేదు. మెట్రో మార్గమున కొన్ని స్టేషనుల యవతలనున్న కూకటుపల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, అచటికి పంపరాదు! పంజాగుట్టలోని నిమ్సు ఆసుపత్రికి దూరపు జిల్లాలనుండి వచ్చి, ఇచటనే మందులు కొనుటకు అలవాటుపడినవారి గతి యేమి? తమ యూరి యంగడిలో ఆ మందు లేనిచో వారేమి చేయుదురు? ఈ హద్దు నాకు సమంజసముగా దోచలేదు.

మందు వచ్చినది గాని, దానితో ఫార్మసిస్టు రాలేదు గదా! పరగడుపున మ్రింగవలెనా, భోజనానంతరమా యని చెప్పువారెవరు? ఆ పని యిల్లాలిపై బడినది, నేడును పడుచున్నది. పొట్లము విప్పగానే చీటీతో పోల్చి చూడుడు. 500 మిల్లీగ్రాములకు మాఱుగా 1000 వచ్చినదేమో, గడువు తీరినదేమో పరికింపుడు. విప్పని ఇన్సులినును 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున నుంచవలెను. వేసవియెండలో వచ్చిన బుడ్డి వెచ్చగా నున్నచో త్రిప్పి పంపుడు. సందేహమున్నచో బిల్లుపై నంబరునకు టెలిఫోను జేసి, ఫార్మసిస్టునే పిలువుమనుడు. అంగడిలో సందడిగా నున్నదని విసుగుకొన్నను విడువకుడు.