నిండుకుండలకు వందేళ్లు!

గండిపేట అనగానే హైదరాబాదీలకు గుర్తొచ్చేది మంచినీళ్లే. కానీ ఆ చెరువు కట్టడానికి అసలు కారణం వేరే ఉంది... అది వరద!

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. అలాంటి ఉపద్రవం మళ్లీ రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన రెండు ఆనకట్టలు కట్టారు. మూసీమీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట) 1920లో, దాని ఉపనది ఈసీమీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

వరదను ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగునీటికైతే నిండుగా ఉండాలి. చిక్కంతా ఇక్కడే! నిండిన జలాశయంమీద కుండపోత కురిస్తే గేట్లెత్తడం తప్ప దారిలేదు. పేరుకుపోయే పూడిక ఆ ఖాళీని మరింత తగ్గిస్తుంది. దిగువనేమో నది ఒడ్డునే ఇళ్లు వెలిశాయి. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లెత్తారు. 2025 సెప్టెంబరులో రెండు జలాశయాల నీళ్లూ వదిలినప్పుడు మూసీ ఏకంగా మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే వచ్చేసింది.

ఇలాంటి పెద్ద ఆనకట్టలను ఏటా వానలకు ముందూ తర్వాతా తనిఖీ చేయాలంటోంది 2021నాటి ఆనకట్టల భద్రతా చట్టం. గేట్లూ కట్టా సరిగ్గా ఉన్నాయో లేదో అందులో తేలుతుంది. కానీ వదిలిన నీళ్లు వెళ్లడానికి నదికి చోటు మిగల్చాల్సింది మాత్రం నగరమే!