గాయం మానినా నొప్పి ఎందుకు పోదు?

పసుపు తవ్వే రోజుల్లో మా ఇందల్వాయి వైపు ఎవరింటికెళ్లినా ఒకటే మాట.. నడుం పట్టేసింది. తవ్వాలి, కొమ్ములు విరవాలి, ఉడకబెట్టాలి, ఆరబోయాలి. సగం పని వంగే చేయాలి. పంట మార్కెట్‌కు వెళ్లిపోయినా మా అమ్మ నొప్పి మాత్రం పోలేదు. స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు. ‘అంతా నీ భ్రమ’ అన్నవాళ్లూ ఉన్నారు. అమ్మ చిన్నబుచ్చుకుంది, నాకు కోపమొచ్చింది. అది భ్రమ కాకపోవచ్చని చెప్పే సైన్స్ ఒకటుంది. పేరు ఎపిజెనెటిక్స్.

మీరు కంప్యూటర్ సైన్స్ స్టూడెంట్ అయితే ఇలా అనుకోండి: డీఎన్ఏ కోడ్ మారదు, సెట్టింగ్స్ మారతాయి. మిథైల్ అనే చిన్న రసాయన ముక్క అతుక్కుంటే జన్యువు చాలాసార్లు మూగబోతుంది. 2014లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 25 జతల ఒకేలాంటి కవలలు వేడిని ఎంతవరకు ఓర్చుకుంటారో చూశారు. డీఎన్ఏ ఒకటే, ఓర్పు వేరు! నొప్పిని పసిగట్టే టీఆర్‌పీఏ1 జన్యువు దగ్గర మిథైల్ గుర్తుల్లో తేడా కనిపించింది.

మరి మారిన సెట్టింగ్ మళ్లీ మారుతుందా? కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ 2013లో ఎలుకలపై చేసిన ప్రయోగం చూడండి. నరం దెబ్బతిన్న ఆర్నెల్లకు కూడా మెదడు ముందుభాగంలో ఈ గుర్తులు తగ్గే ఉన్నాయి. పరుగెత్తే చక్రం లాంటివి పెట్టిన పంజరంలో ఉంచితే నొప్పి తగ్గింది, గుర్తులూ దారికొచ్చాయి. ఎలుకల సంగతే అనుకోండి. కానీ 2014లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ 23 మందితో ఒక్క కాలితోనే సైకిల్ తొక్కించింది.. వారానికి 4 సార్లు, 45 నిమిషాల చొప్పున, 3 నెలలు. తొక్కని కాలితో పోలిస్తే తొక్కిన కాలి కండరంలో వేలచోట్ల మిథైల్ గుర్తులు మారాయి.

అన్నట్టు, మన పసుపుకూ ఇందులో వాటా ఉంది. జన్యువులను మేల్కొలిపే పీ300 అనే ఎంజైమ్‌ను కర్క్యుమిన్ అడ్డుకుంటుందని 2004లో బెంగళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్ శాస్త్రవేత్తలు చూపించారు. అలాగని పసుపు పాలు తాగి పడుకోకండి, తిన్న కర్క్యుమిన్‌లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అమ్మకు పనికొచ్చింది ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలే. మొదటి రెండు వారాలూ నన్ను తిట్టుకుంటూనే చేసింది. ఇప్పుడు బిందె తనే ఎత్తుతోంది.

ఈ రంగం మీద మనసైతే ఇంటర్ బైపీసీ తర్వాత బీపీటీ చేయొచ్చు, హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఆ కోర్సుంది. నాలాంటి ఇంజినీర్లు ఆర్, పైథాన్‌తో జన్యు డేటా విశ్లేషణ నేర్చుకోవచ్చు. పరిశోధనే కావాలంటే హబ్సిగూడ సీసీఎంబీలో ఎపిజెనెటిక్స్ ల్యాబ్‌లున్నాయి. లైఫ్ సైన్సెస్ పీజీ వాళ్లు అక్కడ పీహెచ్‌డీ కోసం ముందు జేఆర్‌ఎఫ్ మీద దృష్టి పెట్టండి.