జ్వరం ముందా, వైరస్ ముందా

2014 అక్టోబర్ 24, శుక్రవారం. సియెరా లియోన్‌లో ఎబోలా రోగులకు సేవ చేసి, కేసీ హికాక్స్ అనే అమెరికన్ నర్సు న్యూజెర్సీలోని న్యూఆర్క్ విమానాశ్రయంలో దిగారు. ఎక్కడి నుంచి వస్తున్నారో చెప్పగానే ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టారు. మొదట చూసినప్పుడు ఒళ్లు 98 డిగ్రీలు. గంటల తరబడి ప్రశ్నలయ్యాక నుదుటి దగ్గర పెట్టే థర్మామీటరుతో మళ్లీ చూస్తే 101. ఆస్పత్రికి తీసుకెళ్లాక నోట్లో పెట్టి చూస్తే 98.6. నుదుటి థర్మామీటరు కొలిచేది చర్మం వేడిని. కోపంతోనో అలసటతోనో మొహం ఎర్రబడి చర్మంలోకి నెత్తురు ఎక్కువగా వస్తే అది జ్వరమనే చూపిస్తుంది. రక్తపరీక్షలో ఎబోలా లేదని తేలింది. అయినా ఆమెను ఆస్పత్రి ఆవరణలో వేసిన గుడారంలో ఉంచారు. ఒంటిమీద కాగితపు బట్టలు, పక్కన తాత్కాలిక మరుగుదొడ్డి, స్నానానికి ఏర్పాటు లేదు. సోమవారం దాకా అక్కడే.

ఆమె దిగిన రోజే న్యూయార్క్, న్యూజెర్సీ గవర్నర్లు కొత్త నియమం ప్రకటించారు. పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా రోగులను తాకి వచ్చిన వైద్య సిబ్బంది ఆరోగ్యంగా ఉన్నా సరే, 21 రోజులు క్వారంటైన్‌లో ఉండాలి. అంతకు ముందురోజే గినీ నుంచి తిరిగొచ్చిన డాక్టర్ క్రెయిగ్ స్పెన్సర్‌కు న్యూయార్క్‌లో ఎబోలా బయటపడింది. జ్వరానికి ముందు ఆయన సబ్‌వే ఎక్కారు, మిత్రులతో బౌలింగ్ ఆడారు. ఊరు హడలిపోయింది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. పశ్చిమ ఆఫ్రికాలో మొదలైన ఆ వ్యాప్తిలో మొత్తం 28,600 మందికి పైగా జబ్బు పడ్డారు, 11,300 మందికి పైగా చనిపోయారు. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఆ భయం పుడుతుంది.

రోగం వచ్చినవాళ్లను వేరుగా ఉంచితే అది ఐసొలేషన్. దాని గురించి తగువు లేదు. పైకి బాగానే ఉన్నవాళ్లను, లోపల రోగం పొదుగుతోందేమోనన్న అనుమానంతో కదలనివ్వకపోతే అది క్వారంటైన్. అది న్యాయమా కాదా అన్నది ముందు ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది: లక్షణాలు రాకముందే మనిషి నుంచి వైరస్ బయటికి వస్తుందా, రాదా? గవర్నర్ల ప్రకటనలో నాకు కనిపించని ప్రశ్న ఇదే.

ఎబోలా సంగతి చూద్దాం. రోగి రక్తం, వాంతి, విరేచనం లాంటివి మన కంటికో నోటికో, చర్మం మీది గాటుకో తగిలితే సోకుతుంది. లోపలికి వెళ్లాక అది ముందుగా పట్టుకునేది మాక్రోఫేజ్‌లను, డెండ్రైటిక్ కణాలను. ఇవి ఒంటికి కాపలా కాసే కణాలు. మామూలుగా వైరస్ చొరబడిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక పంపి చుట్టుపక్కల కణాలను అప్రమత్తం చేస్తుంది. ఎబోలాలోని వీపీ35 అనే ప్రొటీన్ ఆ హెచ్చరిక గొంతు నొక్కేస్తుంది. అందుకే మొదటి రోజుల్లో మనిషికి ఏమీ తెలియదు. ఆ చాటున వైరస్ లింఫు గ్రంథులకు, కాలేయానికి, ప్లీహానికి పాకుతుంది. వ్యాప్తి ఒక స్థాయి దాటాక అవే మాక్రోఫేజ్‌లు సైటోకైన్లను కుమ్మరిస్తాయి. జ్వరం, నీరసం, ఒళ్లునొప్పులు వాటివల్లే మొదలవుతాయి. అంటే రక్తంలో వైరస్ పెరగడం, జ్వరం రావడం ఇంచుమించు జంటగా నడుస్తాయి. జ్వరం వచ్చాక కూడా పీసీఆర్ పరీక్షకు చిక్కేంత వైరస్ కావడానికి ఒక్కోసారి మూడు రోజులు పడుతుంది. నెత్తుట్లోనే దొరకని వైరస్ చెమటలోకీ లాలాజలంలోకీ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ తర్వాత మాత్రం ఉప్పెనే. రోగం ముదిరేకొద్దీ ఒక్క మిల్లీలీటరు రక్తంలో వైరస్‌లు కోట్లకు చేరతాయి. చనిపోయే వేళకు అన్నిటికంటే ఎక్కువ. పశ్చిమ ఆఫ్రికాలో శవానికి స్నానం చేయించిన బంధువులు అంతమంది జబ్బు పడింది అందుకే.

దీనికి అమెరికాలోని డల్లాస్‌లో కళ్లెదుటే రుజువు దొరికింది. లైబీరియా నుంచి వచ్చిన థామస్ ఎరిక్ డంకన్ జ్వరంతో కొన్నాళ్లు ఒక అపార్ట్‌మెంట్‌లో తనవాళ్ల మధ్యే ఉన్నారు. ఆ ఇంట్లో ఒక్కరికీ సోకలేదు. చివరి రోజుల్లో ఐసీయూలో ఆయనకు సేవ చేసిన ఇద్దరు నర్సులకు సోకింది. అదే రోగి, అదే వైరస్. తేడా వచ్చింది రోజుల్లో.

ఇక స్పెన్సర్. ఆయన తిరిగొచ్చింది అక్టోబర్ 17న. రోజుకు రెండుసార్లు ఒంటి వేడి చూసుకునేవారు. 23వ తేదీ ఉదయం 100.3 కనిపించగానే ఫోన్ చేశారు, అంబులెన్స్ వచ్చింది. కాబోయే భార్యకు గానీ, మిత్రులకు గానీ, ఆ రైళ్లలో పక్కన నిలబడ్డ వాళ్లకు గానీ ఎవరికీ రాలేదు. గుడారం చేయాల్సిన పనంతా ఒక థర్మామీటరు, ఒక ఫోను చేసిపెట్టాయి. ఆ తర్వాత అమెరికా గినీ, లైబీరియా, సియెరా లియోన్ అనే మూడు దేశాల నుంచి దిగిన ప్రతివారి చేతికీ థర్మామీటరు, ఫోను ఇచ్చి, 21 రోజులపాటు ఆరోగ్య శాఖ మనిషి రోజూ పలకరించే ఏర్పాటు చేసింది. 2015 మార్చి నాటికి అలా కనిపెట్టి చూసిన పదివేల మందికి పైగా జనంలో ఒక్కరికీ ఎబోలా రాలేదు.

ఈ పద్ధతికీ ఒక లోటుంది. చెప్పే అంకె నిజం కావాలి. 2014 డిసెంబర్‌లో సియెరా లియోన్ నుంచి వచ్చిన ఒక స్కాట్లండ్ నర్సు విషయంలో, లండన్ హీత్రూలో రద్దీ మధ్య జరిగిన తనిఖీలో ఉన్నదానికంటే తక్కువ ఉష్ణోగ్రత నమోదైంది. ఆమె గ్లాస్గో విమానం ఎక్కేశారు, మర్నాడు ఎబోలా తేలింది. విమానంలో ఎవరికీ సోకలేదు. తొలి గంటల్లో వైరస్ ఎంత తక్కువగా ఉంటుందో దానివల్ల ఇంకోసారి తెలిసింది. కానీ తనిఖీ గట్టిగా ఉండాలన్న పాఠం అక్కడే ఉంది. మనిషిని దోషిలా చూస్తే జ్వరం దాచాలన్న ఆశ పెరుగుతుంది కూడా.

21 అన్న అంకె కూడా గీత గీసినట్టుండేది కాదు. సోకినవాళ్లలో నూటికి 95 మందికి 21 రోజుల లోపు లక్షణాలు వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మిగిలిన కొద్దిమంది కోసమే ఒక దేశంలో ఎబోలా పోయిందని ప్రకటించడానికి 42 రోజులు ఆగుతారు.

ఇంత చేసి, క్వారంటైన్‌లో పెడితే పోయేదేముంది అంటారు చాలామంది. పోయేది అవతలి ఒడ్డున ఉంది. ఆ మూడు దేశాల్లో అప్పటికి లక్ష మందికి ఒకరో ఇద్దరో డాక్టర్లు ఉండేవారు. ఎబోలా వాళ్లనే ముందు తీసుకుపోయింది. లైబీరియా తన డాక్టర్లు, నర్సులు, మంత్రసానుల్లో 8 శాతాన్ని పోగొట్టుకుంది. సియెరా లియోన్‌లో ఎబోలా వైద్యానికి పెద్దదిక్కుగా నిలిచిన డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ 2014 జులైలో అదే జబ్బుతో కన్నుమూశారు. బయటి నుంచి మనుషులు వెళ్లక తప్పదు. వెళ్లినవాళ్ల పని ఎలాంటిదంటే, ఆ ఎండలో పీపీఈ సూట్‌లో గంట నిలవడమే గగనం. అసలు ప్రమాదం సూట్ విప్పేటప్పుడు. ఎదురుగా ఒకరు నిలబడి ఒక్కో మెట్టూ చెబుతుంటారు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కుని ఏప్రన్, మళ్లీ కడుక్కుని గాగుల్స్, మళ్లీ కడుక్కుని మాస్కు. ఒళ్లు ఎంత తూలుతున్నా చెయ్యి మొహం మీదికి పోకూడదు. ఇలాంటి పనికి నాలుగు వారాల సెలవు పెట్టుకుని వెళ్లే డాక్టరుకు తిరిగొచ్చాక ఇంకో మూడు వారాలు గదిలో ఉండమంటే అది ఏడు వారాలవుతుంది. ఏ ఆస్పత్రి అంత సెలవిస్తుంది? మంటలార్పేవాళ్లు తగ్గితే మంట మన గుమ్మానికే వస్తుంది.

నైజీరియాలోని లాగోస్‌లో జరిగింది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. 2014 జులైలో లైబీరియా నుంచి రోగంతో దిగిన ఒక వ్యక్తిని పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా డాక్టర్ అమెయో స్టెల్లా అడాడెవో ఆస్పత్రి నుంచి కదలనివ్వలేదు. ఆ రోగం ఆమెకూ సోకి, ఆగస్టు 19న చనిపోయారు. నైజీరియా ఆరోగ్య కార్యకర్తలు కాంటాక్టులు సుమారు 900 మందిని కనిపెట్టి, వాళ్ల గడపలు 18,500 సార్లు తొక్కారు. జ్వరం కనిపించినవాళ్లను ఐసొలేషన్‌కు తీసుకెళ్లారు. అంత పెద్ద దేశంలో 20 కేసులు, 8 మరణాలతో ఆగింది.

ఇదే లెక్క కోవిడ్‌కు పనికిరాదు. ఆ వైరస్ ముక్కులో, గొంతులో పెరుగుతుంది. లక్షణాలు మొదలయ్యే నాటికే, ఒక్కోసారి అంతకు ముందే, గరిష్ఠానికి చేరుతుంది. దాదాపు 44 శాతం వ్యాప్తి లక్షణాలకు ముందే జరిగిందని 2020 ఏప్రిల్‌లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అక్కడ థర్మామీటరు చూసి మనిషిని వదిలేయలేం. కోవిడ్ వార్డు నుంచి వచ్చినవాళ్లు కొన్నాళ్లు విడిగా ఉండటంలో అర్థముంది.

ఆ ఏడాది మా అపార్ట్‌మెంట్‌లో ఉండే నర్సు డ్యూటీ దిగి వస్తే లిఫ్ట్ ఎక్కొద్దన్నారు. ఆవిడ రాత్రంతా నిలబడి పనిచేసిన కాళ్లతో నాలుగంతస్తులు మెట్లెక్కేవారు. ఒకరోజు మెట్ల మీద కలిస్తే, "విడిగా ఉండమంటే ఉంటానండీ. ఎక్కడ ఉండమంటారో చెప్పాలి కదా. ఇంట్లో మా అత్తయ్యకు షుగరు" అన్నారు. నాకు జవాబు దొరకలేదు. ఆమెను విడిగా ఉంచడానికి విజ్ఞానశాస్త్రం ఒప్పుకుంటుంది. కానీ గది, భోజనం, జీతం ఎవరివి? అలాంటి రోజుల్ని సెలవులో కోయకుండా డ్యూటీ కిందే లెక్కించాలన్న మాట మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్తేగానీ తేలలేదు. ఎబోలా పనికి వెళ్లొచ్చిన అమెరికా సైనికులను కూడా 21 రోజులు విడిగా ఉంచారు. వైరస్ దృష్ట్యా దానికీ అవసరం లేదు. కాకపోతే వాళ్లకు జీతం ఆగలేదు, తిండికీ పడకకూ లోటు రాలేదు.

హికాక్స్ గుడారం నుంచి బయటికొచ్చి మెయిన్ రాష్ట్రంలోని ఇంటికి వెళ్లారు. అక్కడి ప్రభుత్వమూ కదలొద్దంది. ఆమె సైకిలేసుకుని బయటికొచ్చారు. అక్టోబర్ 31న జడ్జి ఆమె మాటే నిలబెట్టారు: రోజూ పరీక్షకు సహకరించాలి, ప్రయాణాలు ఆరోగ్య అధికారులకు చెప్పి చేయాలి, లక్షణాలు కనిపిస్తే చెప్పాలి, అంతవరకే. చివరిసారి రోగుల దగ్గరున్న నాటి నుంచి లెక్కేస్తే నవంబర్ 10తో 21 రోజులూ నిండాయి, జ్వరం రానే లేదు. న్యూజెర్సీ మీద ఆమె వేసిన దావా 2017లో రాజీతో ముగిసింది. క్వారంటైన్‌లో ఉంచే మనిషికి కారణం చెప్పాలి, లాయరుతో మాట్లాడనివ్వాలి, తన వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వాలి, బయటివాళ్లతో మాట్లాడుకోనివ్వాలి అని ఆ రాష్ట్రం రాతపూర్వకంగా ఒప్పుకుంది.