మానని కాలి పుండు: మందు కన్నా ముందు కారణం తెలియాలి

పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. పట్టణం చుట్టూ పత్తి, మిరప పొలాలు విస్తరించి ఉన్నాయి. బట్టీలో రాయి మోసే కార్మికునికైనా, మిరప కోతకు వెళ్ళే మహిళకైనా రోజంతా నిలబడి చేయవలసిన పనే. అందువల్ల పాదం మీదనో, పిక్క దిగువనో ఏర్పడిన పుండు నెలల తరబడి మానకపోతే కుటుంబానికి కూలి ఆగిపోతుంది. నిర్లక్ష్యం చేసినచో కాలినే కోల్పోవలసిన పరిస్థితి ఏర్పడవచ్చు.

ఇటువంటి పుండ్ల విషయంలో సాధారణంగా జరిగే పొరపాటు ఒక్కటే. పూత మందులు మార్చుతూ పోవడం తప్ప, పుండు ఎందుకు మానడం లేదన్న ప్రశ్న వేసుకోకపోవడం. చూపునకు ఒకే రకంగా కనిపించే పుండ్లకు కారణాలు వేరు, చికిత్సలూ వేరు. ఒకదానికి మేలు చేసే కట్టు మరొకదానికి హాని చేస్తుంది.

చీలమండకు పైన, ముఖ్యంగా లోపలి వైపున ఏర్పడి, చుట్టూ చర్మం నల్లబడి, సాయంత్రానికి కాలు వాచే పుండు చాలావరకు సిరల లోపం వల్ల కలిగినది. సిరలలోని కవాటాలు దెబ్బతిని రక్తం పైకి పోక కాలిలోనే నిలిచిపోతుంది. దీనికి ప్రధాన చికిత్స పాదం నుండి మోకాలి వరకు బిగుతుగా కట్టే ఎలాస్టిక్ కట్టు. విశ్రాంతి సమయంలో కాలిని గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. ఉబ్బిన సిరలకు త్వరగా చికిత్స చేస్తే పుండు కూడా త్వరగా మానుతుందని బ్రిటన్‌లో జరిగి 2018లో వెలువడిన అధ్యయనం నిరూపించింది.

అయితే ధమనులు పూడుకొనిపోయిన కాలికి ఇదే కట్టు కడితే అసలే తక్కువగా ఉన్న రక్తప్రసరణ మరింత తగ్గుతుంది. వేళ్ళ కొసలలో పుండు, చల్లబడిన పాదం, రాత్రివేళ భరించలేని నొప్పి, కాలు మంచం కిందికి వేలాడదీస్తే కొంత ఉపశమనం దీని లక్షణాలు. చుట్ట, బీడీ అలవాటు గలవారిలో ఇది అధికం. వారు పొగ మానకుండా ఎంత ఖరీదైన చికిత్స చేసినా ఫలితం నిలవదు. కనుక ఎలాస్టిక్ కట్టు కట్టే ముందు చీలమండ వద్ద, చేతి వద్ద రక్తపోటు కొలిచి పోల్చి చూడాలి. ఈ నిష్పత్తి 0.8 లేదా అంతకు మించి ఉంటే సాధారణంగా కట్టు కట్టవచ్చు. 0.5 కన్నా తక్కువ అయితే కట్టరాదు, రక్తనాళాల నిపుణుని వద్దకు పంపాలి. మధుమేహ రోగులలో ధమనులు గట్టిపడి ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా చూపవచ్చు.

మూడవది, మిక్కిలి మోసకరమైనది, మధుమేహ రోగుల అరికాలి పుండు. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం 2021 నాటికి దేశంలో మధుమేహ రోగులు సుమారు 10.1 కోట్లు. వారిలో నరాలు మొద్దుబారిన వారికి ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరచినా తెలియదు. నొప్పి లేనందున ఆనెకాయ కింద ఏర్పడిన పుండు మీదనే నడుస్తూ ఉంటారు. అడుగడుగునా పడే బరువే ఆ పుండును మాననివ్వదు.

ఈ సత్యం మొదట కుష్ఠు రోగుల వైద్యంలో స్పష్టమైంది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, రోగుల అరికాలి పుండ్లకు కారణం మాంసం కుళ్ళడం కాదని, స్పర్శ లేని పాదంపై పదేపదే పడే ఒత్తిడి అని గుర్తించారు. పాదానికి అంటుకొని ఉండే ప్లాస్టరు కట్టు ద్వారా బరువును పంచి పుండ్లు మాన్పే పద్ధతికి ఆయన ప్రాచుర్యం కల్పించారు. తరువాత అదే పద్ధతి మధుమేహ రోగులకూ ఉపయోగపడింది. మోకాలి వరకు ఉండి, రోగి తనంతట తాను విప్పుకోలేని సాధనమే నేటికీ అరికాలి పుండ్లకు అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించే మొదటి ఎంపిక. రక్తప్రసరణ తగ్గి, చీము కూడా చేరిన పాదానికి మాత్రం ఇది తగదు. కూలికి పోవలసిన వానికి ఇటువంటి కట్టు కష్టమే. అయినా కొన్ని వారాల కట్టు కన్నా కాలు పోవడం ఎక్కువ నష్టమని కుటుంబ సభ్యులకు వివరించడం క్షేత్రస్థాయి సిబ్బంది బాధ్యత.

పిడుగురాళ్లకు ప్రత్యేకమైన మరొక ప్రమాదం ఉంది. కాల్చిన సున్నం చెమట తగిలితే వేడెక్కి చర్మాన్ని లోతుగా కాలుస్తుంది. పొడి సున్నం మీద పడినప్పుడు ముందుగా పొడిగానే దులిపివేసి, పిదప ధారాళమైన నీటితో చాలాసేపు కడగాలి. పుండ్లపై సున్నం, ఆకు పసరు పూయడం తగదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లతో రోజూ కడగడం వల్ల కొత్తగా పుట్టే కణజాలం దెబ్బతింటుంది. సెలైన్ లేదా కాచి చల్లార్చిన నీరు చాలును. జ్వరం, చీము, వాపు వంటి లక్షణాలు లేని పుండుకు యాంటీబయాటిక్‌లు అవసరం లేదు. నెలలో మాన్పిస్తామనే మలాముల ప్రకటనలను ప్రచురించే ముందు పత్రికలవారు కూడా ఈ విషయాలను గమనించవలసి ఉంది.

సరియైన చికిత్స చేసినప్పటికీ నాలుగు వారాలలో అరికాలి పుండు వైశాల్యం సగానికి తగ్గకపోతే రక్తప్రసరణను, ఎముకకు చీము పట్టిందేమోనన్న అంశాన్ని తిరిగి పరీక్షించాలి. ఏళ్ళ తరబడి ఉండి అంచులు ఉబ్బిన పుండు నుండి ముక్క తీసి క్యాన్సర్ పరీక్షకు పంపాలి. పాదం నల్లబడినా, దుర్వాసనతో పాటు జ్వరం వచ్చినా మరునాటి వరకు ఆగక, అదేరోజు శస్త్రచికిత్స సౌకర్యం గల ఆసుపత్రికి చేర్చాలి.