గులాబీ మొండికేసిందా? కత్తెర పట్టండి!

నర్సరీలో చూసినప్పుడు మొక్కకు అరచేయంత పువ్వు ఉంటుంది. ముచ్చటపడి కొనితెచ్చి పెరట్లో నాటుకుంటాం. మొదట్లో బాగానే పూస్తుంది. ఏడాది తిరిగేసరికి కొమ్మలు ఏపుగా సాగుతాయిగానీ ఒక్క మొగ్గా తొడగదు. "నా చేతి గుణం ఇంతేనేమో" అని నొచ్చుకునే ఇల్లాళ్లు ఎందరో! మీ చేతిలో లోపమేమీ లేదండీ. ఒక్కసారి ఆ మొక్క మొదలు దగ్గర వంగి చూడండి.

దొంగ కొమ్మను పట్టుకోండి

పెద్ద పూల కోసం మనం కొనే గులాబీలు చాలావరకు అంటు మొక్కలే. గట్టి వేళ్లున్న మరో జాతి గులాబీకి, మనం కోరుకునే రకం కన్ను అతికించి పెంచుతారు. ఆ అతుకు మొదలు దగ్గర బొడిపెలా కనిపిస్తుంది. దానికి పైన చిగిర్చేది మీరు కొన్న గులాబీ. కింద పుట్టుకొచ్చేది దొంగ కొమ్మ! వేళ్లు తెచ్చే సారమంతా అదే లాగేసుకుని అసలు మొక్కను నీరసింపజేస్తుంది.

దొంగ కొమ్మ ఆకులు తరచు చిన్నవిగా, లేత రంగులో, రెమ్మకు ఏడేసి ఉంటాయి. అయితే కొన్ని మంచి రకాలకూ ఏడు ఆకులుంటాయి కనుక లెక్కపెట్టి తొందరపడకండి. మట్టి కాస్త తప్పించి, కొమ్మ ఎక్కడ పుట్టిందో చూడండి. అతుకు కింద పుట్టిందా, మొదలంటా పట్టుకుని కిందికి లాగి పీకేయండి. పైపైన కత్తిరిస్తే మళ్లీ చిగుళ్లు వేస్తుంది. కొత్త మొక్క నాటేటప్పుడు అతుకు మట్టికి రెండంగుళాలు పైన ఉండేలా చూసుకుంటే ఈ దొంగను తేలిగ్గా కనిపెట్టవచ్చు.

ఏడాదికోసారి గట్టి కత్తిరింపు

పచ్చని కొమ్మకు కత్తెర పెట్టాలంటే ఎవరికైనా చేయి రాదు. కానీ ఈ గులాబీలు పూసేది కొత్త చిగురు మీదే. వానలు వెనకబట్టాక, అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ పని పెట్టుకోండి. ఎండు కొమ్మలు, సన్నని పుల్లలు, ఒకదానికొకటి రాసుకునేవి ముందు తీసేయండి. బలమైన కొమ్మలు నాలుగైదు ఉంచి సగానికి కత్తిరించండి. బయటి వైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయాలి. కత్తెర పదునుగా ఉండాలి సుమా! కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని నీళ్లతో ముద్దగా కలిపి పూయండి. ఈ మందు కలపడానికి వంటింటి గిన్నెలు వాడకండి. కొమ్మ పైనుంచి నల్లబడి ఎండుతూ దిగుతుంటే, పచ్చని భాగం వచ్చేదాకా కోసేయాలి. ముదురు ఎండల్లో మాత్రం గట్టి కత్తిరింపు వద్దు.

జడలోకి కోసేటప్పుడు...

మనం చేసే పొరపాటు పువ్వును మాత్రమే తుంచడం. అయిదు ఆకుల రెమ్మ దాకా కాడతో కోసి, జడకు కావలసినంత ఉంచుకోండి. అక్కడి కన్ను నుంచి బలమైన చిగురు వస్తుంది. వాడిన పూలనూ అలాగే తీసేయాలి. కాయ కట్టనిస్తే మొక్క బలం దానికే పోతుంది.

ఎండ, నీరు, తిండి

రోజుకు అయిదారు గంటల ఎండ తగలాలి. కుండీ అయితే పన్నెండంగుళాలకు తగ్గకుండా, అడుగున చిల్లు ఉన్నది చూడండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కాస్త ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపితే చాలు. పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి. నీళ్లు మొదట్లోకే పోయాలి. సాయంత్రం ఆకులు తడిపితే నల్లమచ్చ తెగులు వస్తుంది. టీ పిప్పి వేసేవారు పాలు, చక్కెర పోయేలా కడిగి వేయండి, లేకుంటే చీమలు చేరతాయి. చిగుళ్లకు పేనుబంక పడితే లీటరు నీటిలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి చల్లండి.

కత్తిరించిన ఆరేడు వారాలకు పూలు మొదలవుతాయి. అంటే నవంబరులో మీరు ధైర్యం చేస్తే, సంక్రాంతి గొబ్బెమ్మల మీదికి గులాబీలు మీ పెరట్లోంచే వస్తాయన్నమాట!