కోళ్ళలో మారెక్ వ్యాధి – నివారణ

గుడ్లకై పెంచు పెట్టలు మూడు నాలుగు నెలల ప్రాయమున, ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు చాచి కూలబడుట కొందరు రైతులు చూచియే యుందురు. అప్పటికి మేతకు సొమ్మంతయు ఖర్చయి యుండును. గుడ్డు మాత్రము ఒక్కటియు చేతికి వచ్చి యుండదు. ఇట్టి నష్టము కలిగించు జబ్బులలో మారెక్ వ్యాధి ముఖ్యమైనది.

దీనిని 1907 లో హంగేరీ దేశపు పశువైద్యుడు యోజెఫ్ మారెక్ మొదట వర్ణించెను. హెర్పిస్ జాతి వైరస్ దీనికి కారణమని 1967 లో ఇంగ్లండులో కనుగొనబడినది.

వైరస్ గల కోడి ఈకల మొదళ్ళనుండి రాలు చుండు, దుమ్ములో కలసి గాలిలో ఎగురును. దానిని పీల్చిన పిల్లకు వైరస్ సోకును. షెడ్డు దుమ్ములో ఇది నెలల తరబడి నశింపక యుండును. కనుక కోళ్ళను విరివిగా పెంచు చోట్ల ఏ మందయు దీనిని తప్పించుకొనుట కష్టము. గుడ్డు ద్వారా మాత్రము ఇది పిల్లకు రాదు.

శరీరములో చేరిన వైరస్ లింఫ్ కణములలో దాగును. రోగములతో పోరాడవలసిన ఆ కణములే కొన్ని కోళ్ళలో అదుపు తప్పి పెరిగి కంతులగును. దీనినే లింఫోమా అందురు. ఇది రాచపుండు జాతికి చెందినది. నరములకు పట్టినచో కాళ్ళు, రెక్కలు పడిపోవును. కంటికి పట్టినచో పాప వంకరపోయి చూపు తగ్గును. కాలేయము, ప్లీహము మున్నగు వానిలోను కంతులు లేచును.

సోకిన ప్రతి కోడికి కంతులు రావు. కోడి జాతి, సోకిన వయస్సు, వైరస్ తీవ్రత, గుంబోరో వంటి ఇతర జబ్బులు దీనిని నిర్ణయించును. మనుష్యులలోను ఇట్టిదే కలదు. హెర్పిస్ జాతికే చెందిన ఎప్‌స్టీన్-బార్ వైరస్, ఆఫ్రికా పిల్లల దవడలకు వచ్చు ఒక లింఫోమా కణములలో 1964 లో కనుగొనబడినది. పెద్దలలో చాలమందికి ఇది సోకియే యుండును. కంతి వచ్చునది బహు కొద్దిమందికే. కోళ్ళ మారెక్ వైరస్ మాత్రము మనుష్యులకు సోకదు.

ఈ వ్యాధికి చికిత్స లేదు, నివారణయే మార్గము. 1970 ప్రాంతమున టీకాలు వాడుకలోనికి వచ్చినవి. రాచపుండు జాతి వ్యాధిని ఆపు టీకాలలో ఇదియే మొదటిది. అయితే టీకా కంతులను ఆపునే గాని వైరస్ సోకుటను ఆపదు. టీకా బలము పుంజుకొనుటకు వారము రోజులైనను పట్టును. ఈలోగా దుమ్ములోని వైరస్ సోకినచో టీకా వ్యర్థము కావచ్చును. కావున రైతులు ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనవలెను:

1. హేచరీలో టీకా వేసిన పిల్లలనే కొనవలెను. కొన్ని టీకాలను ద్రవ నైట్రోజనులో నిలువచేసి, కరిగించిన వెంటనే వాడవలసి యుండును. అది ఇంటివద్ద సాగు పని కాదు.

2. పిల్లలు వచ్చుటకు ముందే పాత ఊక, దుమ్ము దూరముగా తొలగించి, షెడ్డు కడిగి ఆరబెట్టి, మందు చల్లవలెను.

3. బ్రూడరు షెడ్డు పెద్దకోళ్ళకు దూరముగా ఉండవలెను. పనివారు ముందు పిల్లలను, తరువాతనే పెద్దకోళ్ళను చూడవలెను.

4. విటమిను లోపము, కొక్కెర తెగులు వలనను కాళ్ళు పడిపోవచ్చును. కనుక చనిపోయిన కోడిని పశువైద్యునిచే పరీక్ష చేయించి, జబ్బేదో తేల్చుకొనక మందులపై డబ్బు ఖర్చు చేయరాదు.