నికాహ్ ఇంటి పూలు: మన చేతులతో, మన స్తోమతలో

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకులు, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక.



రంజాన్ వెళ్ళి షవ్వాల్ నెలవంక కనిపించగానే మన మొహల్లాల్లో నికాహ్ కబుర్లు మొదలవుతాయి. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) వివాహం జరిగింది కూడా షవ్వాల్‌లోనే. ఆ నెలలో పెళ్ళి అశుభమని అజ్ఞానకాలపు అరబ్బులు తలచేవారు. ఆ భయం పోయింది గాని, దాని స్థానంలో మనకు మరో భయం పట్టుకున్నది. "స్టేజీ బాగా లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నదే ఆ భయం. సంబంధం కుదిరిన మరునాడే హాలు, ఆ వెంటనే డెకరేషన్ మాట వస్తాయి. మహర్ ఎంత, ఎప్పుడు చెల్లిస్తారు అన్న ప్రశ్న మాత్రం నికాహ్ కాగితం మీద ఖాజీ గారి కలం ఆగే వరకు ఎవరికీ గుర్తుకు రాదు.

పూలు తెల్లవారేసరికి వాడిపోతాయి. వాటి కోసం తెచ్చిన అప్పు వాడిపోదు. వడ్డీకి తెచ్చినదైతే అది కొత్త దంపతుల కాపురంలో మొదటి పాపమై కూర్చుంటుంది. వడ్డీ గురించి దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో చేసిన హెచ్చరిక ఎంత కఠినమైనదో మనందరికీ తెలుసు. పైగా ఈ ఖర్చు చాలాచోట్ల వధువు తండ్రి నెత్తిన పడుతున్నది. షరీఅత్ ఆయనపై వలీమా బాధ్యతను గాని, వేదిక అలంకరణను గాని మోపలేదు. మహర్, వలీమా రెండూ వరుడి బాధ్యతలే. అందుచేత నేటి జుమా ప్రసంగంలో పెళ్ళి అలంకరణ గురించి, దాన్ని ఇంటివారే తమ చేతులతో ఎలా చేసుకోవచ్చునో వివరంగా చెప్పదలచాము. మింబర్ మీద పూల మాటలేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. పేదవాడి ఇంట అప్పు ఏ ద్వారం నుండి ప్రవేశిస్తున్నదో ఆ ద్వారం దగ్గరే మాట్లాడాలి గదా!

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకుందాం. అందం అధర్మం కాదు. అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన శోభను నిషేధించేదెవరని ఆరాఫ్ సూరా 32వ ఆయతు ప్రశ్నిస్తున్నది. దానికి ముందరి ఆయతే మితిమీరవద్దని ఆజ్ఞాపిస్తున్నది. ఈ రెంటినీ విడదీసి చదవరాదు. ఇక పూల విషయానికి వస్తే, ఎవరైనా సువాసన గల రైహాన్ ఇస్తే తిరస్కరించవద్దని, అది మోయటానికి తేలికైనదని, పరిమళభరితమైనదని దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. రైహాన్ అనే మాట పరిమళించే మొక్కలన్నిటికీ వర్తిస్తుంది. ప్రత్యేకించి దాన్ని సబ్జా మొక్కకు వాడతారు. మనం రంజాన్ షర్బత్‌లో వేసుకునే గింజలు ఆ మొక్కవే. పెళ్ళింట పూలు పెట్టడాన్ని దోషంగా చూసేవారు ఈ హదీసును గమనించాలి.

అయితే దీనికి హద్దు ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తమ కుమారుడు సాలిం వివాహ సందర్భంలో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి)ని విందుకు పిలిచారు. ఆయన వచ్చి చూస్తే ఇంటి గోడలకు తెరలు కప్పి ఉన్నాయి. ఇబ్ను ఉమర్ (రజి) సిగ్గుపడి, ఈ విషయంలో ఆడవారిదే పైచేయి అయిందన్నారు. ఇతరుల విషయంలో అలా జరుగుతుందని భయపడ్డాను గాని, మీ విషయంలో అనుకోలేదంటూ అబూ అయ్యూబ్ (రజి) భోజనం ముట్టకుండానే వెనుదిరిగారు. గోడలకు తెరలు కట్టడం నిషిద్ధమా, కేవలం అయిష్టమా అన్న దానిపై ధర్మవేత్తల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. వధువు కూర్చునే చోట వెనుక ఒక తెర వేయడం వేరు, నాలుగు గోడలనూ మెరిసే బట్టతో మూసివేయడం వేరు. మొదటిది అవసరం, రెండవది ఆడంబరం.

మరి ఆ కాలంలో పెళ్ళిళ్ళకు ఏ ఏర్పాట్లూ లేవా అంటే, ఉన్నాయి. ఇబ్ను మాజా సంకలనంలో హజ్రత్ ఫాతిమా (రజి) వివాహం గురించి ఒక ఉల్లేఖనం ఉంది. దాని పరంపరలో బలహీనత ఉందని హదీసువేత్తలు చెప్పారు గనుక, దానిపై ఆధారపడి ధర్మాదేశం ఏదీ తీయటం లేదు. ఒక దృశ్యంగా మాత్రమే దాన్ని మీ ముందుంచుతున్నాము. దాని ప్రకారం హజ్రత్ ఆయిషా, హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఆ ఇంట మెత్తని మట్టి తెచ్చి పరిచారు. ఖర్జూరపు పీచును తమ చేతులతో ఏకి రెండు దిండ్లలో నింపారు. బట్టలు, నీటితిత్తి తగిలించడానికి గది పక్కన ఒక కర్ర పాతారు. వచ్చినవారికి ఖర్జూరాలు, ఎండు ద్రాక్ష పెట్టి, తియ్యని నీరు ఇచ్చారు. అంతకన్నా మంచి పెళ్ళిని తాము చూడలేదని వారే చెప్పారట.

బలమైన ఉల్లేఖనం ఇంకొకటి సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) వద్ద ముతక నూలు అంగీ ఒకటి ఉండేది. దైవప్రవక్త (స) కాలంలో మదీనాలో ఏ స్త్రీని పెళ్ళికి అలంకరించవలసి వచ్చినా, ఆమె ఇంటికి కబురంపి ఆ అంగీని అరువు తీసుకువెళ్ళేవారు. ఇమామ్ బుఖారీ ఆ హదీసును వధువు కోసం వస్తువులు అరువు తెచ్చుకోవడం అన్న శీర్షిక కిందనే పొందుపరిచారు. అంటే పెళ్ళికూతురి అలంకరణకు ఒకే వస్తువు ఇంటింటికీ తిరగడం మదీనాలో నామోషీ కాలేదు. మన మొహల్లాలో ఎందుకు కావాలి?

ఇక పని సంగతి చూద్దాం.

తేదీ నిర్ణయించేటప్పుడే పూల రుతువును చూసుకోవాలి. హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు చిన్నది. అందువల్ల మన నెలలు అన్ని రుతువుల గుండా తిరుగుతుంటాయి. ఒక షవ్వాల్ మల్లెల కాలంలో వస్తే, కొన్నేళ్ళ తర్వాతి షవ్వాల్ చామంతుల కాలంలో వస్తుంది. ఏ కాలానికి ఏ పువ్వు సమృద్ధిగా దొరుకుతుందో అదే చవక, అదే తాజా. వేసవిలో చామంతి కోసం, చలికాలంలో మల్లె కోసం పట్టుబట్టడమంటే డబ్బును నీళ్ళలో పోయడమే. మన హైందవ సోదరుల శ్రావణ మాసం, బతుకమ్మ, దసరా, దీపావళి రోజుల్లో పూల ధరలు బాగా పెరుగుతాయి. తేదీ మన చేతిలో ఉంటే ఆ వారాలను తప్పించుకోవడం తెలివైన పని.

పూలు విడిగా కొనాలి, మాలలుగా కాదు. హైదరాబాదువారికి గుడిమల్కాపూర్ మార్కెట్ ఉంది. గోదావరి జిల్లాలవారికి కడియపులంక ఉంది. ప్రతి పట్టణంలోనూ ఏదో ఒక పూల బజారు తెల్లవారుజామునే తెరుచుకుంటుంది. ఫజ్ర్ నమాజు ముగించుకుని నేరుగా వెళితే మంచి సరుకు దొరుకుతుంది.

వేదిక వెనుక తెరకు ఎన్ని పూలు కావాలన్నది అందరినీ బెదరగొట్టే ప్రశ్న. లెక్క వేస్తే అది బెదరగొట్టదు. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గల చోట అర అడుగుకొక మాల వేలాడదీస్తే 21 మాలలు, అంటే 168 అడుగుల పొడవు కావాలి. మూర అంటే దాదాపు అడుగున్నర గనుక ఇది 112 మూరలు. అదే అడుగుకొక మాల కట్టి, వెనుక ఒక తెల్లని నూలు బట్ట వేస్తే 11 మాలలు, 88 అడుగులు సరిపోతాయి. మధ్య ఖాళీల్లో ఆకుల దండలు వేలాడదీయవచ్చు. ఖర్చు సగానికి దగ్గరగా తగ్గుతుంది, చూపుకు లోటేమీ ఉండదు. వారం ముందు కొద్దిపాటి బంతిపూలు తెచ్చి ఒక్క మాల కట్టి తూచి చూడండి. ఆ తూకాన్ని మాలల సంఖ్యతో హెచ్చవేసి, నలిగిపోయే వాటి కోసం పదోవంతు కలుపుకుంటే కొనవలసిన బరువు తేలుతుంది.

ఇంటివారు కట్టడానికి బంతిని మించిన పువ్వు లేదు. నీరు లేకున్నా ఒక రోజు నిలుస్తుంది, పిల్లల చేతుల్లో నలగదు. దబ్బనంతో తొడిమ నుండి గుచ్చి, గట్టి నూలు దారం వాడాలి. ప్రతి జానెడుకు ఒక ముడి వేస్తే దారం ఎక్కడైనా తెగినప్పుడు మాలంతా రాలిపోదు. ముందురోజు మధ్యాహ్నం మొదలుపెట్టి, కట్టిన మాలలను తడిపిన గోనెసంచులపై నీడలో పరచాలి. ప్లాస్టిక్ సంచిలో మూట కడితే లోపలి ఉక్కకు పూలు రాత్రికి రాత్రే కుళ్ళిపోతాయి. మల్లెలనైతే విచ్చిన పూలుగా గాక మొగ్గలుగా కొని, తడిబట్టలో చుట్టి ఉంచి, పెళ్ళినాడు నానబెట్టిన అరటినారతో కట్టాలి. సాయంత్రానికి అవి వాటంతటవే విచ్చుకుంటాయి. నేలసంపెంగలను, అంటే బజారులో లిల్లీ అనేవాటిని, వధువు కూర్చునే చోట పెడితే వాసనకు అత్తరు అక్కరలేదు. కనకాంబరానికి వాసన లేదు గాని రంగు చెడదు. గులాబి రేకులను నేలపై పరచడం మాత్రం మాకు నచ్చదు. కాలు జారి వృద్ధులు పడతారు. డబ్బు పోసి కొన్న పువ్వును తొక్కించడమూ బాగుండదు.

పూలు తక్కువైన చోట కుండీలు నిలపండి. ప్రతి ఇంటి మేడపైనా నాలుగైదు మొక్కలుంటాయి. పది ఇళ్ళ కుండీలు ఒక్కచోట చేరితే తోట అవుతుంది. పెళ్ళి ముగిశాక అవి తిరిగి పెరుగుతూనే ఉంటాయి. బట్టలు కూడా అంతే. చీరలు, దుపట్టాలు అరువు తెచ్చి, ఎవరిది ఏదో తెలిసేలా అంచుకు చిన్న చీటీ కుట్టుకోవాలి. చట్రానికి వెదురు బొంగులు చాలు, షామియానా దుకాణంలో పైపులు అద్దెకు దొరుకుతాయి. మస్జిదు గోడకో, హాలు గోడకో మేకులు కొట్టకండి. దీపాల తీగలు కట్టేముందు వాటిలో తెగిన చోట్లున్నాయేమో చూడాలి. దీపాలు వేలాడదీశాక పూలపై నీళ్ళు చల్లకూడదు. కొన్ని హాళ్ళవారు బయటి అలంకరణను ఒప్పుకోరు. ఆ సంగతి బయానా ఇవ్వకముందే అడగాలి. ఒప్పుకోనివారి హాలు మనకెందుకు? నికాహ్ మస్జిదులో జరిపితే అలంకరణ ప్రశ్నే ఉండదు. వధువు ఇంట ఆడవారు కూర్చునే గది ఒక్కటి ముస్తాబు చేస్తే సరిపోతుంది.

మాంజా, మెహందీ, సాంచక్ అంటూ ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క రంగు అలంకరణ చేస్తున్నారు. ఇవన్నీ ఆచారాలేగాని నికాహ్‌లో భాగాలు కావు. సెహ్రా సంగతీ అంతే. కట్టనంత మాత్రాన వరుడి నికాహ్‌లో ఏ కొరతా రాదు.

కొన్ని జాగ్రత్తలు ధర్మానికి సంబంధించినవి. పొరుగువారి పెరటిలో, పార్కులో, ఖబ్రస్తాన్‌లో అడగకుండా పూలు కోయకూడదు. మనుషుల, జంతువుల బొమ్మలు పెట్టకూడదు. బిస్మిల్లాహ్‌ను, ఆయతులను థర్మోకోల్ పలకలపై అతికించి, మరునాడు చెత్తకుప్పలో వేయడం మనం చూస్తున్నదే. భక్తితో మొదలైన ఆ పని అగౌరవంతో ముగుస్తున్నది. దారికి అడ్డంగా పందిరి వేసి, పొరుగున ఉన్న రోగి ఆటోకు తోవ లేకుండా చేయడం అతని హక్కును కాజేయడమే. రాత్రంతా దండలు గుచ్చి ఫజ్ర్ నమాజు పోగొట్టుకుంటే ఆ దండలకు శుభం ఎక్కడిది?

ఇంట్లో పనిచేసే చేతులు లేనివారూ ఉంటారు. వారు వీధి మలుపున బుట్ట పెట్టుకుని మూరలు కొలిచే అమ్మకు ముందుగా చెప్పి కట్టించుకోవాలి. ఆమెతో గీచి గీచి బేరమాడి, డెకరేటరుకు అడిగినంత ఇవ్వడం న్యాయం కాదు. పని ముగిసిన వెంటనే ఆమె చేతిలో డబ్బు పెట్టాలి.

మిగిలిన డబ్బు ఎక్కడికి వెళ్ళాలి? మహర్‌కే. హజ్రత్ అలీ (రజి) వద్ద ఇవ్వడానికి ఏమీ లేనప్పుడు, హుతమీ కవచాన్నైనా ఫాతిమా (రజి)కు ఇవ్వమని దైవప్రవక్త (స) ఆదేశించారు. యోధుడికి కవచం కన్నా విలువైనదేముంటుంది? నేడు మన యువకుడు డెకరేటరుకు నగదు ముందే చెల్లించి, మహర్‌ను బాకీ రాయిస్తున్నాడు. ఎందరో స్త్రీలు ఆ బాకీని భర్త జనాజా దగ్గర మాఫీ చేయవలసి వస్తున్నది. మహర్ వధువు హక్కు. స్టేజీ పూలపై ఎవరికీ హక్కు లేదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఖర్జూరపు గింజంత బంగారం మహర్‌గా ఇచ్చి పెళ్ళి చేసుకున్నారని తెలిసినప్పుడు, దైవప్రవక్త (స) ఆయనకు శుభం కోరి, ఒక మేకతోనైనా వలీమా చేయమన్నారు. పెళ్ళివేదిక గురించి ఆయన ఏమీ అడగలేదు.

పెళ్ళి మరునాడు మాలలు విప్పేటప్పుడు ముందుగా దారం లాగివేయండి. దారంతో సహా పారవేస్తే పశువులు తిని చనిపోతాయి. రేకులను మొక్కల మొదట్లో వేస్తే ఎరువవుతాయి. అరువు తెచ్చిన దుపట్టాలు అమానత్ గనుక, ఉతికి, మడతపెట్టి, చీటీ చూసి, వలీమా ముగిసిన వారంలోగా ఎవరివి వారికి చేర్చాలి. వాటిని తీసుకువెళ్ళేటప్పుడు పళ్ళెంలో కాస్త మిఠాయి పెట్టుకుని వెళ్ళండి. తర్వాతి పెళ్ళికి ఎవరు ఏమి ఇవ్వగలరో ఆ గుమ్మంలోనే మాట్లాడుకోవచ్చు.

ఈ నెలలో మన మొహల్లాలో నికాహ్ జరుగుతున్న ప్రతి ఇంటిపైనా అల్లాహ్ శుభాలు కురిపించుగాక. ఆమీన్.